గోల్ కర్రల మధ్య ఉలవ చేను

పోయిన వారం మన సాల్మన్ రాజును ఒక అబద్ధం దగ్గర వదిలేసి వచ్చాం. పెద్దదేమీ కాదు, రెండే మాటలు. “గ్రౌండుల ఎన్నడన్న పంట ఏసిన్రా అంకుల్?” అని షీరీన్ అడిగింది. చేతిలోని పాత ఫొటో మీద దుమ్ము తుడుస్తూ, తల ఎత్తకుండా, “లేదు బిడ్డా” అన్నాడాయన. తల ఎత్తి ఉంటే ఆ మాట అనగలిగేవాడు కాదని మనకు తెలుసు, ఆయనకూ తెలుసు.

కొత్తగా చదువుతున్నవారికి నాలుగు ముక్కల్లో సంగతి. ఇబ్రహీంపట్నంలో దక్కన్ స్టార్ ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టి యాభై ఏడేళ్లయింది. ఊరవతల రాళ్లగడ్డ మీద నాలుగెకరాల నేలను వెనకటి ఆసామి ఒకాయన ఆడుకొమ్మని నోటిమాటగా ఇచ్చాడు. అంత పెద్దమనిషిని కాగితం రాసివ్వమని అడగడం బాగుండదని అప్పటి కుర్రాళ్లు మొహమాటపడ్డారు. ఆ మొహమాటం మనవల కాలానికి వచ్చేసరికి కొంప ముంచింది. ఆసామి మనవలు 2009లో ఆ నేలను మహిధర్ అనే ప్లాట్ల వ్యాపారికి అమ్మేశారు. అప్పటినుంచి కేసులు, స్టేలు, వాయిదాలు. ఎట్టకేలకు ఈ సోమవారం ఆర్డీఓ ముందు ఆఖరి విచారణ. అది ఆటస్థలమా, సాగుభూమా, తేలాల్సింది ఇదొక్కటే. సాగుభూమి అని తేలిందా, ఆ వారంలోనే హద్దురాళ్లు దిగుతాయి.

క్లబ్బు తరఫున కాళ్లరిగేలా తిరుగుతున్నది షీరీన్. క్లబ్బును ముప్పై ఏళ్లు నడిపిన కోచ్ సలాహుద్దీన్ కూతురు. వారమంతా ఆదిభట్లలో ఉద్యోగం, ఆదివారం పొద్దున అదే గ్రౌండులో ఇరవైమంది ఆడపిల్లలకు ఆట నేర్పడం. క్లబ్బు అక్కడే ఆడిందని చూపడానికి ఆమెకున్న బలమల్లా పాత ఫొటోలు. 1979 నుంచి ఏటా దసరా వెళ్లాక జట్టును వరుసగా నిలబెట్టి, కెప్టెన్ చేతికి సంవత్సరం రాసిన పలక ఇచ్చి, గ్రౌండంతా కనిపించేలా నిచ్చెనెక్కి ఫొటో తీసింది ఊళ్లో ఫొటో స్టూడియో నడిపే సాల్మన్ రాజే. ముప్పై ఎనిమిది ఫొటోలు వెతికి ఆమె చేతిలో పెట్టాడు. పెట్టనిది ఒకటుంది. దానికోసమే ఆ అబద్ధం.

ఇక ఈ వారంలోకి వద్దాం. శనివారం పొద్దున పది కూడా కాలేదు. షీరీన్ స్టూడియో మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. తప్పు చేసినవాడికి ఎదుటివాళ్ల సంతోషం కూడా భయమే.

“దొరికిన్రు అంకుల్! మహిధర్ సాబ్ దొరికిండు!” అంటూ సంచిలోంచి ఫైలు తీసి కౌంటరు మీద పరిచింది. “నిన్న సాయంత్రం వాళ్లు పెట్టిన కాగితాల కాపీ ఇచ్చిన్రు మనకు. గిది జూడుండ్రి.”

జిరాక్సు కాగితం. దాని నిండా ఉలవ చేను. మోకాలెత్తు పెరిగి, సాళ్లు సాళ్లుగా, వెనక రాళ్లగుట్ట. చూడక్కర్లేదు సాల్మన్ రాజుకు. పద్దెనిమిదేళ్లుగా కళ్లు మూసుకున్నా కనిపిస్తున్న ఫొటోనే అది.

“నా అద్దాలు ఏడవెట్టిన్నో,” అని జేబులు తడుముకున్నాడు, కాసేపు సమయం దొరుకుతుందని.

“నెత్తి మీదనే ఉన్నయి,” అంది లోపలినుంచి టీ గ్లాసులతో వస్తున్న భార్య రూత్. ముప్పై ఆరేళ్ల కాపురంలో ఆవిడ ఆయనకు ఇట్లాంటి సాయాలే చేస్తూ వస్తోంది.

షీరీన్ ఆగడం లేదు. “గుట్ట మన గ్రౌండు వెనక గుట్టనే. దాని ముందట ఉల్వ చేను దెచ్చి అతికిచ్చిన్రు. కంప్యూటర్ పని. మీరు లేదన్నరు గదా, గ్రౌండుల పంట ఎన్నడు ఏయలేదని? అంటే గిది నకిలీనే గదా?” ఇంకో కాగితం తీసింది. టైపు చేసి ఉంది, కింద సంతకానికి చోటు విడిచి ఉంది. “నలభై ఆరేండ్లసంది ఫొటోలు దీస్తున్న మనిషి మీరు. ‘ఈ ఫొటో నకిలీది’ అని మీరు సంతకం వెడితే చాలు. సోమవారం ఆఫీసర్ ముందట ఒక్క మాట చెప్తే అయిపోతది.”

పెన్ను మూత కూడా తనే తీసి ఇచ్చింది, ఆ పిల్ల.

సాల్మన్ రాజు పెన్ను పట్టుకున్నాడు. ఆ పిల్ల ఇంత దూరం వచ్చింది తన రెండు మాటల మీద నమ్మకంతోనే కదా అనుకున్నాడు. తను లేదన్నాడు కాబట్టి ఉన్న ఫొటో దొంగదయింది. ఇప్పుడు సంతకం పెడితే ఏమవుతుందో కూడా ఆయనకు తెలుసు. మహిధర్ దగ్గర అసలు ప్రింటు ఉంది. దాని వెనక ‘రాజు ఫొటో స్టూడియో, ఇబ్రహీంపట్నం’ అన్న ముద్ర నీలం సిరాతో ఉంది. సోమవారం నాడు వాళ్ల వకీలు ఆ ప్రింటును తిప్పి చూపిస్తే చాలు, షీరీన్ ఇచ్చిన ముప్పై ఎనిమిది ఫొటోలూ అబద్ధాల కిందే జమ అవుతాయి. సంతకం పెట్టకపోతే, ఎందుకు పెట్టలేదో చెప్పాలి. అది ఇంకా కష్టం.

“జర ఆగుండ్రి అంకుల్,” అని షీరీనే ఆపింది. “ఇంకొకాయన రావాలె. ఆయన ముందట పెట్టుండ్రి సంతకం.”

“ఎవలు?”

“ముత్యాలు కాక.”

సాల్మన్ రాజు మోచెయ్యి తగిలి కౌంటరు మీది టీ గ్లాసు ఒలికింది. రూత్ ఆయన మొహం వంక ఒకసారి చూసి, గుడ్డ తెచ్చి కౌంటరు తుడిచింది.

ముత్యాలు ఎవరో చెప్పాలి. దక్కన్ స్టార్ గ్రౌండుకు నలభై ఏళ్లు కాపలా, తోటపని, సున్నం గీతలు, బంతికి గాలి, అన్నీ ఆయనే. సలాహుద్దీన్‌కు చిన్ననాటి స్నేహితుడు. ఇద్దరూ ఒకే బడిలో ఒకే బెంచీ. 2009లో గ్రౌండు అమ్ముడుపోయిందని తెలిసిన వారం, ఆ ఉలవ చేను ఫొటో జిరాక్సు ఒకటి క్లబ్బు చేతికి వచ్చింది. గ్రౌండులోనే మీటింగు పెట్టారు. సలాహుద్దీన్ పెద్దగా కూర్చున్నాడు. “మహిధర్ ఎవరో నేను మొఖం గూడ జూడలే. మనోళ్లే ఎవరో ఇంటి దొంగ ఉన్నరు,” అన్నాడు. ఉలవ వేసింది ముత్యాలు. ఫొటో ఎత్తుమీదినుంచి తీసింది, నిచ్చెన ఉండేది ముత్యాలు ఇంట్లో. ఆయనకు తెలియకుండా ఎట్లా తీస్తారు? అందరూ అడిగారు. ముత్యాలు నోరు విప్పలేదు. విప్పకపోవడమే నేరం ఒప్పుకున్నట్టు లెక్కవేశారు. క్లబ్బులోంచి తీసేద్దామా అంటే అందరూ చేతులెత్తారు.

ఎత్తినవాళ్లలో సాల్మన్ రాజు ఒకడు. అంతటితో ఊరుకున్నాడా? ఊరుకోలేదు. “ఫొటో ఎవలు దీసిన్రు మరి?” అని మూలనుంచి ఎవరో అంటే, “ఊర్ల ఐదు స్టూడియోలున్నయి, ఎవలని చెప్తం?” అన్నాడు. ఆ ఒక్క మాటను ఆయన తర్వాత ఎన్నిసార్లు మనసులో వెనక్కి తీసుకున్నాడో లెక్కలేదు. మనసులోనే తీసుకున్నాడు.

ఆ రోజు గ్రౌండు గేటు దాటిన ముత్యాలు మళ్లీ అటు తిరిగి చూడలేదు. యాచారంలో కూతురింటికి పోయాడు. రెండేళ్లకు సలాహుద్దీన్ చనిపోయాడు. మట్టి చేసేనాడు ముత్యాలు వచ్చి, దూరంగా నిలబడి వెళ్లిపోయాడని చూసినవాళ్లు అన్నారు.

“పాపం అంకుల్ ఆయన,” అంది షీరీన్. “మహిధర్‌కు ఫొటో దీపిచ్చిండని వెళ్లగొట్టిన్రని ఇన్న, అంతే. ఫొటోనే నకిలీదైతే ముత్యాలు కాక మీద పడ్డ మాట గూడ నకిలీదే గదా. పదారేండ్లు మోసిండు. మీ నోటితోని ఆయన వినాలె. అందుకే ఆటో మాట్లాడి రమ్మన్న.”

మంచి మనసుతో చేసిన పని. సాల్మన్ రాజుకు మాత్రం ఆ మంచితనం ఊపిరాడనివ్వలేదు.

మెట్ల మీద చేతికర్ర చప్పుడు వినిపించింది. ఒక్కో మెట్టుకూ ఆగి ఆగి, ముత్యాలు పైకి వచ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్లు. తెల్ల ధోవతి, భుజాన తువ్వాల. రూత్ కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు. గోడ మీది ఫొటోలు ఒక్కొక్కటే చూస్తూ నడిచాడు. ఎనభై రెండు, ఎనభై ఏడు, తొంభై నాలుగు. కప్పులు, దండలు, పలకలు. ఆ ఫొటోల్లో దేంట్లోనూ ఆయన లేడు. నిచ్చెన పట్టుకునే మనిషి ఫొటోలో పడడు కదా.

“మంచిగున్నవా సాల్మనూ?” అన్నాడు గోడవైపే చూస్తూ.

“ఉన్ననే అన్నా,” అన్నాడు సాల్మన్ రాజు.

షీరీన్ ఆయన చెయ్యి పట్టుకుని కౌంటరు దగ్గరికి తెచ్చింది. జిరాక్సు కాగితం చూపించి, గబగబా అంతా చెప్పింది. నకిలీ ఫొటో, కంప్యూటర్ పని, అంకుల్ సంతకం. ముత్యాలు తువ్వాలతో కళ్లు తుడుచుకుని కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టుకున్నాడు.

“నకిలీదని ఎవలన్నరు?”

“సాల్మన్ అంకులే.”

ముత్యాలు సాల్మన్ రాజు వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది సాల్మన్ రాజుకు. కోపం లేదు. ఎదురుచూస్తున్నట్టు ఉంది.

ఎదురుచూసి చూసి, ఆయనే కాగితం కింద పెట్టాడు. “నకిలీది గాదు బిడ్డా. గివి నా సాళ్లు. గీ బండ తాన గొర్రు మళ్లదు, గందుకే సాలు గిట్ల వంకర వోయింది. నేనేసిన ఉల్వలే.”

“గ్రౌండులనా?”

“గ్రౌండులనే. ఏటేట ఏస్తుండె. వానకాలం ఆడితే బురదైతది, ఎండినంక బండైతది. పిలగాండ్ల మోకాళ్లు పల్గుతుండె. అందుకని మొదటి వాన పడంగనే ఆట బంద్ వెట్టి ఉల్వలు సల్లుతుంటిమి. భూమి గుల్లగైతది. కాయ వట్టకముందే పీకి బర్లకేసి, దసరకు మల్ల సున్నం గీతలు. మీ బాపు వెట్టిన పద్ధతే గది. నువ్వు జల్‌పల్లిల మీ నానమ్మ తాన సదువుకుంటుంటివి, ఎండకాలం సెలవులకు వస్తుంటివి. నీకెట్ల ఎర్కైతది?”

షీరీన్ మెల్లగా సాల్మన్ రాజు వైపు తిరిగింది. “మీరు లేదన్నరు అంకుల్.”

ఇంకా ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. మరిచిపోయిన అనవచ్చు, వయసు మీదపడింది అనవచ్చు. మాటలు సిద్ధంగానే ఉన్నాయి. కానీ ముత్యాలు ఎదురుగా నిలబడి ఉన్నాడు. తన మీద నింద పడేసిన చేను తనదేనని ఆ మనిషి ఎవరూ అడగకముందే ఒప్పుకున్నాడు. ముత్యాలు కోసం వేసిన కుర్చీలో సాల్మన్ రాజే కూర్చుండిపోయాడు.

“ఆ ఫొటో నేనే దీసిన,” అన్నాడు.

రూత్ చేతిలోని గుడ్డ ఆగిపోయింది.

“2007ల. మహిధర్ గీడికే వచ్చిండు. బిడ్డ పెండ్లి, అన్నదమ్ముల పెండ్లిండ్లు, అన్ని ఆల్బంలు నీకే ఇస్త అన్నడు. ముందుగాల ఒక్క ఫొటో కావాలె, రాళ్లగడ్డ మీద ఉల్వ చేనుది, రీలు కెమెరతోని. డిజిటల్‌ది ఆఫీసుల నమ్మరు అన్నడు. గోల్ కర్రలు మాత్రం ఫొటోల వడొద్దన్నడు.” జిరాక్సు కాగితాన్ని తిప్పి బోర్లా పెట్టాడు. “ఎందుకొద్దని నేను అడగలే. అడిగితే తియ్యలేనని ఎర్కై అడగలే.”

“మరి ముత్యాలు కాక?”

“అన్నే నిచ్చెన వట్టుకున్నడు. క్యాలెండర్‌కని చెప్పిన ఆయనకు. నమ్మిండు.”

చెప్పేశాక తేలికవుతుందని ఇన్నేళ్లూ అనుకున్నాడు సాల్మన్ రాజు. ప్రార్థనకు పోయినప్పుడల్లా దేవుడి ముందు చెప్పుకున్నాడు కూడా. దేవుడి ముందు చెప్పడం సులువే, ఆయన తిరిగి ఇట్లా చూడడు. షీరీన్ చూస్తోంది. చిన్నప్పుడు సలాహుద్దీన్ భుజాల మీద కూర్చుని ఇదే స్టూడియోకు వచ్చి, లైటు వెలిగినప్పుడల్లా కళ్లు మూసుకునేది. ఇప్పుడు రెప్ప వెయ్యడం లేదు.

“మా అబ్బా దవాఖానల ఉన్నప్పుడు మీరు పక్కనే ఉన్నరు,” అంది. గొంతు పెంచలేదు. “మూడు దినాలు ముత్యాలు, ముత్యాలు అని ఒకటే కలవరించిండు. మోసం జేసిండని బాధతోని అంటుండని మేమనుకున్నం. మీరు మంచం పక్కన కూసోని ఆయనకు నీళ్లు తాపిన్రు అంకుల్. అప్పుడన్న చెప్పబుద్ధి కాలేదా?”

“అయింది బిడ్డా.”

“మరి?”

“భయమైంది. అప్పటికే మస్తు ఆలస్యమైంది. ఎంత ఆలస్యమైతే అంత భయమైంది.”

రూత్ గోడకు ఆనుకుని నిలబడింది. “ఏటా డిసెంబర్ల అటక మీది క్రిస్మస్ స్టార్ డబ్బ నేను దించుతనంటే దించనియ్యడు,” అంది ఎవరితోనూ కాదన్నట్టు. “నడుం నొస్తదని నా మీద ప్రేమ అనుకున్న. అండ్ల గిది దాసిండన్న మాట.”

ఆ మాట సాల్మన్ రాజుకు అన్నిటికన్నా ఎక్కువ తగిలింది. ముత్యాలు కాళ్ల వైపు వంగబోయాడు. ముత్యాలు కర్ర అడ్డం పెట్టి ఆపాడు.

“అన్నా, నీకు అన్నీ ఎర్కనే. నా పేరు ఒక్కటి జెప్తే నీ మీదికెల్లి పోతుండె నింద. ఎందుకు జెప్పలే?”

“గది అడగకు,” అన్నాడు ముత్యాలు. అనేసి కిటికీ వైపు తిరిగాడు.

షీరీన్ కూతురే కాదు, కోచ్ కూడా. రెండు గోల్సు వెనకబడినప్పుడు ఏడుస్తూ కూర్చోదు. కళ్లు తుడుచుకుని, టైపు చేసిన కాగితాన్ని నాలుగు ముక్కలుగా చించి సంచిలో వేసుకుంది. “సరే. ఏడ్సుడు తర్వాత ఏడుద్దాం. నెగెటివ్ ఉందా? ఇంకేమన్న దీసిన్రేమో జూద్దాం.”

నెగెటివ్ ఎవరికీ ఇవ్వకపోవడం సాల్మన్ రాజు స్టూడియో రివాజు. మహిధర్‌కు కూడా ప్రింటే ఇచ్చాడు. మహిధర్ తొందరపడలేదు, దసరా వెళ్లాకే వచ్చి తీసుకుపోయాడు. అందుకని రీలు రెండు నెలలు కెమెరాలోనే ఉంది. సిటీలో కడిగించి, ఆ ఒక్క ప్రింటూ, దసరా జట్టు ఫొటో ప్రింటూ వేయించి, మిగతా వాటి జోలికి పోలేదు. రెండేళ్లకు గొడవ బయటపడ్డాక ఆ నెగెటివ్ ఉన్న కవరు కంటబడితేనే భయమేసింది. ఎవరూ చూడని చోటు కావాలి. క్రిస్మస్‌కు ఇంటి ముందు కట్టే కాగితం స్టార్ డబ్బాలో, అన్నిటికన్నా అడుగున పెట్టాడు.

ఇప్పుడు రూత్ స్టూలు వేసుకుని తనే ఎక్కి దించింది. ఆయన వారించలేదు.

కవరులో ఒక నెగెటివ్ ముక్క. వరుసగా నాలుగు బొమ్మలు. షీరీన్ దాన్ని కిటికీ అద్దానికి ఆనించి, ఫోను కెమెరా తెరిచి, రంగులు తిరగేసే మీట నొక్కింది. నల్లనివి తెల్లగా, తెల్లనివి నల్లగా మారి, పద్దెనిమిదేళ్ల కింది వెలుతురు ఫోనులోకి వచ్చింది. మొదటిది ఖాళీ. రెండోది ఉలవ చేను, మహిధర్ అడిగినట్టే, గోల్ కర్రలు లేకుండా. నాలుగోది దసరా తర్వాత జట్టు ఫొటో, ‘2007’ అని పలక.

“మధ్యల గిదేంది?” అంది.

మూడో బొమ్మ వంకరగా ఉంది. నేల ఒక పక్కకు ఒరిగిపోయింది. కానీ అందులో ఉన్నదంతా స్పష్టంగా ఉంది. మోకాలెత్తు ఉలవ చేను. చేను మధ్యలో నిటారుగా రెండు గోల్ కర్రలు, పైన అడ్డకర్ర, దాని మీద తెల్లరంగుతో రాసిన క్లబ్బు పేరు.

“యా అల్లా!” అని షీరీన్ అరిచినంత పని చేసింది. “ఉల్వలు, గోల్ కర్రలు ఒక్క ఫొటోల! గిది సాలు అంకుల్! చేను గ్రౌండుల వేసిందే అని, గ్రౌండు తీసేసి వేసింది గాదని, గింతకన్న సాక్ష్యం ఏం గావాలె? గిది మీరు దీసిందేనా?”

“గింత వంకర నేనెన్నడు దియ్యలే,” అన్నాడు సాల్మన్ రాజు అయోమయంగా. ఆ బొమ్మను ఆయన ఇదే మొదటిసారి చూడటం.

“నేను దీసిన,” అన్నాడు ముత్యాలు కిటికీ దగ్గరినుంచి. “నువ్వు నిచ్చెన దిగి రోడ్డు మీద హోటల్‌కు చాయ తాగవోయినవు. కెమెర నా మెడల ఏసివోయినవు. నా జిందగిల నేను దీసిన ఫొటో అదొక్కటే.” ఆగాడు. “బిడ్డా, ఆ ఫోనుల బొమ్మ ఇంక పెద్దగ జేయకు. పక్కన వెట్టు.”

కానీ షీరీన్ వేళ్లు అప్పటికే బొమ్మను పెద్దది చేస్తున్నాయి. గోల్ కర్రల ముందు ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు. ఒకరు నల్లద్దాల మహిధర్. ఆయన రెండు చేతులతో ఇంకొకాయన చేతిని పట్టుకుని నవ్వుతున్నాడు. ఆ రెండో ఆయన మెడలో కోచ్ విజిలు వేలాడుతోంది.

కింద రోడ్డు మీద బస్సు హారన్ గట్టిగా మోగి ఆగింది.

“మా అబ్బా,” అంది షీరీన్.

నిజం చెప్పాలంటే, ఆ క్షణాన సాల్మన్ రాజు గుండె మీదినుంచి బండ దిగినట్టయింది. తనొక్కడే కాదు. మొఖం కూడా చూడలేదన్న మనిషి చెయ్యి కలిపాడు. ఇంటి దొంగ ఇంకొకడున్నాడు. ఆ హాయి ఎంతసేపో లేదు, ఒక్క ఊపిరి. ఆ పిల్ల మొహం చూశాక, అట్లా అనిపించినందుకు తనను తాను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. పద్దెనిమిదేళ్లలో చేసిన తప్పులన్నిటికన్నా ఆ ఒక్క ఊపిరి నీచంగా తోచింది.

“ఎందుకు కలిసిండో నాకెర్క లేదు బిడ్డా,” అన్నాడు ముత్యాలు. “కారుల వచ్చిన్రు ఇద్దరు. ‘పెద్దాయనా, మా ఇద్దరిది ఒకటి కొట్టు’ అన్నడు మహిధర్. క్లబ్బుకు సాయం జేసేటాయన గావచ్చనుకోని నొక్కిన. మీటింగుల ‘మొఖం గూడ జూడలే’ అన్నడు మీ బాపు. నేను ఆయన మొఖం జూసిన. ఆయన నా మొఖం జూడలే. గప్పుడే అనుకున్న, ఇంక నేను మాట్లాడొద్దని.”

“ఎందుకు కాకా? మీ పేరు ఖరాబైతుంటే ఎందుకు మాట్లాడలే?”

“నా పేరు వోతే నేనొక్కన్ని పోత. సలావుద్దీన్ పేరు వోతే క్లబ్బు పోతుండె. పిలగాండ్లు ఆయన్ని జూసే వస్తుండిరి ఆటకు.” ముత్యాలు ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. “సోమవారం గిది జూపెట్టకు. గ్రౌండు వోతే పోనీ. సచ్చిన మనిషిని బజార్ల నిలవెట్టద్దు. గందుకేనా నేను పదారేండ్లు మూసుకోని కూసున్నది?”

షీరీన్ ఫోను వైపే చూస్తోంది. రేపు ఆదివారం. పొద్దున ఆరింటికల్లా ఇరవైమంది ఆడపిల్లలు బూట్లు భుజాన వేసుకుని గ్రౌండు గేటు దగ్గర నిలబడతారు. ఆ మాట ఆమె పైకి అనలేదు. సాల్మన్ రాజుకు మాత్రం వినబడినట్టే ఉంది. ఈ బొమ్మ చూపితే గ్రౌండు మిగులుతుంది, సలాహుద్దీన్ పేరు మిగలదు. దాచితే పేరు మిగులుతుంది, గ్రౌండు మిగలదు. ఆ పిల్లను ఈ మూలకు తెచ్చి నిలబెట్టింది తనే.

“బిడ్డా, తప్పంతా నా మీదేసుకుంట,” అన్నాడు. “సోమవారం నేనే జెప్త. మహిధర్‌ను గ్రౌండుకు పిలిచింది గూడ నేనే అంట.”

“ఫొటోల మీరు లేరు అంకుల్,” అంది షీరీన్. “అబ్బా ఉన్నడు.”

ఆమె లేచి గది మూలకు నడిచింది. అక్కడ కంప్యూటర్ తెర వెలుగుతోంది. పొద్దున ఒక పోలీసు సెలక్షన్ కుర్రాడికి రూత్ చేసిన పాస్‌పోర్టు ఫొటో ఇంకా దాని మీదే ఉంది. కుర్రాడు వేసుకొచ్చింది గళ్ల చొక్కా. తెర మీద నల్లకోటు తొడుక్కుని ఉన్నాడు. షీరీన్ ఆ కోటు వంక చూస్తూ నిలబడింది.

“అంకుల్, ఒకటి అడుగుత, నిజం జెప్పుండ్రి. ఫొటోలకెల్లి మనుషుల్ని తీసెయ్యొస్తదా? చేను, గోల్ కర్రలు అట్లనే ఉంచి?”

ముత్యాలు కర్ర మీద రెండు చేతులూ బిగుసుకున్నాయి. రూత్ “ఓ అయ్యా” అని ఆగిపోయింది.

గంట కింద ఇదే పిల్ల నిజం ఫొటోను నకిలీదని రాసివ్వమంది, తెలియక. ఇప్పుడు తెలిసి అడుగుతోంది. అడగడం నేర్పింది ఎవరు? సాల్మన్ రాజుకు ఏడుపొచ్చింది. నిజం చెప్పమంది కదా. చాలా ఏళ్ల తర్వాత ఎవరో ఆయన్ని నిజం అడిగారు, ఆ నిజమేమో ఇది.

“వస్తది బిడ్డా,” అన్నాడు. “ఇరవై నిమిషాల పని.”

షీరీన్ కంప్యూటర్ ముందున్న కుర్చీని ఆయన కోసం వెనక్కి జరిపింది.

“కూసోండ్రి,” అంది.